మా బావ మొక్కి వదిలినవి

మా అంతోని బావ చెంప మొదటిసారి అదిరినప్పుడు నేను పక్కనే ఉన్నాను. బ్యాండు మేళంలో సైడు డ్రమ్ము కొట్టేవాడి పని అదే. క్లారినెట్టు వాయించేవాడి పక్కన నడుస్తూ, అతని ముఖం చూస్తూ దెబ్బ వెయ్యాలి. అందుకని ఆ చెంప సంగతి ఈ లోకంలో నాకు తెలిసినంత అతన్ని కట్టుకున్న మా అక్క అమలమ్మకు కూడా తెలియదు.

జై ఆంధ్ర ఉద్యమం చల్లారి, కర్ఫ్యూల భయం పోయి, పెళ్ళిళ్ళు మళ్ళీ జోరందుకున్న రోజులవి. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మెట్ల కింద గదిలో రత్తయ్య గారి బ్యాండు మేళం ఉండేది. గోడకు మేకులు, మేకులకు ఎర్రకోట్లు, మూల చాప మీద వాయిద్యాలు. అంతోని బావ మొదటి క్లారినెట్టు. కంకిపాడు, ఉయ్యూరు వైపు పెద్ద రైతులు పెళ్ళి మాట్లాడుకోవడానికి వచ్చి, ముందుగా "అంతోని వస్తాడా?" అని అడిగి ఆ తర్వాతే ముహూర్తం చెప్పేవాళ్ళు. వరుణ్ణి గుర్రం ఎక్కించినా కారు ఎక్కించినా ఊళ్ళో వాళ్ళు చూసేది మాత్రం మా బావనే.

క్లారినెట్టు పక్కన పెడితే మా బావలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. సన్నగా, నల్లగా, కాస్త వంగి నడిచే మనిషి. మంచివాడు. కానీ పట్టుదల అనేది దేవుడు పంచేటప్పుడు బావ ఎక్కడో కాఫీ తాగుతూ ఉండి ఉంటాడు. బావ వాటా కూడా మా అక్క తెచ్చేసుకుంది. చుట్ట మానేస్తానని పొద్దున అంటే మధ్యాహ్నానికి వాసన వచ్చేది. పేకాట ఒక్క ఆటే అంటే దీపాలు పెట్టాకే లేచేవాడు. అలాంటి మనిషి ఆ నల్లటి కర్ర పెదవికి తగిలించగానే వెన్ను నిటారుగా అయ్యేది. వాళ్ళ నాన్న వాయించిన క్లారినెట్టు అది. మధ్యలో చిన్న పగులుంటే దారం చుట్టి, లక్క పూసి, మా అక్క పెళ్ళిచీర చెంగుతో కుట్టిన సంచిలో పెట్టుకునేవాడు. మా నాన్న పిల్లనిచ్చింది కూడా ఆ వాయిద్యానికే. మా ఊరి గుడి పండక్కి వచ్చి వాయిస్తే విని, "ఇంత నిదానంగా ఊదేవాడు పెళ్ళాన్ని కొట్టడు" అన్నాడు. ఆ మాట నిజమే అయింది.

ఆ మొదటి రోజు ఉయ్యూరు దగ్గర ఊరేగింపు. సాయంత్రం, ఇంకా వెలుగుంది. పాటలో ఒక చోట బావ స్వరాన్ని లాగి, పట్టుకుని, జనం ఊపిరి బిగబట్టాక వదిలేవాడు. ఆ రోజు సరిగ్గా అక్కడే పెదవి ఎడమ మూల కింద కండ కొట్టుకోవడం మొదలైంది, గాలానికి పడ్డ చేపపిల్ల లాగా. స్వరం చీలింది. నేను గబగబా డ్రమ్ము మీద ఒక ఉరుము ఉరిమించి కప్పేశాను. బావ నా వైపు చూసి నవ్వాడు గానీ కళ్ళలో బెదురు కనిపించింది.

అది ఆ రోజుతో పోలేదు. వాయించేటప్పుడు అదిరేది, అన్నం తినేటప్పుడు అదిరేది, ఊరికే అరుగు మీద కూర్చున్నప్పుడూ అదిరేది. ఒక్కోసారి రెండు మూడు రోజులు ఊరుకుని, పోయిందనుకునేసరికి తిరిగొచ్చేది. మేళంలో ట్రంపెట్టు ఊదే బసవపున్నయ్యను శకునం ఏమిటని అడిగితే, "కన్నదిరితే నేను చెప్తాను గాని, చెంప సంగతి మా అమ్మకే తెలియాలి" అన్నాడు. వాళ్ళమ్మ పోయి చాలా ఏళ్ళయింది.

నేనే బలవంతాన డాక్టరు వెంకటసుబ్బారావు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. మాట కటువు, మనిషి మంచివాడని గవర్నర్‌పేటలో పేరు. మోకాళ్ళ మీద సుత్తితో కొట్టి చూశాడు, కళ్ళలో లైటు వేశాడు, బుగ్గలు పూరించమన్నాడు, ఈల వెయ్యమన్నాడు.

"పక్షవాతం కాదు, భయపడకు. ఏదో ఒకటి ఆ కండని రేపుతోంది. అదేంటో నాకు తెలీదు. నువ్వే కనిపెట్టాలి" అన్నాడు.

"నేనెట్లా కనిపెడతానండీ?"

"ఒక్కొక్కటే మానెయ్. ముందు కాఫీ మాను. రెండు వారాలు చూడు. తగ్గకపోతే కాఫీ మళ్ళీ మొదలుపెట్టి చుట్ట మాను. అదీ కాకపోతే అదీ మొదలుపెట్టి ఇంకోటి మాను. కానిదాన్ని తిరిగి మొదలుపెట్టాలి, అది మర్చిపోకు. లేకపోతే ఏది దొంగో ఏది దొరో తెలీదు." ఆయన ఆగి, బావ ఒళ్ళో ఉన్న సంచి వైపు చూశాడు. "ఆ ఊదేదాన్ని కూడా ఒక నెల పక్కన పెట్టి చూడాలి."

బావ సంచి మీద చెయ్యి వేశాడు. "అది చివర్లో చూద్దామండీ. ముందు మిగతావన్నీ కానివ్వండి."

డాక్టరు గారు నవ్వి, "సరే, చివర్లోనే" అన్నాడు.

మెట్లు దిగుతూ బావ నా భుజం పట్టుకున్నాడు. "బావమరిదీ, కాఫీయేరా. నాకు మొదట్నించీ దాని మీదే అనుమానం." క్లారినెట్టు తప్ప ప్రపంచంలో ఏది దొంగగా తేలినా అతనికి సంతోషమే. ఆ రోజు నుంచి అతని బతుకంతా ఆ ఒక్కదాన్నీ కాపాడుకోవడమే.

కాఫీ మానడం మా బావ వల్ల కాలేదు. పొద్దున మానేవాడు, పదింటికి హోటల్లో కనిపించేవాడు. "ఇది కాఫీ కాదురా, అంతా చికోరీయే" అనేవాడు. ఇట్లా లాభం లేదని వాళ్ళమ్మ తెరేసమ్మ అత్త పూనుకుంది. అత్త పాతకాలం మనిషి. బావ పసితనంలో జ్వరం తగిలి ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే గుణదల మాతకు మొక్కి పనసపండు వదిలేసింది. అప్పటి నుంచీ పనస వాసన వస్తే ముక్కు మూసుకుని ఆ వీధి దాటేది.

"ఒరే అంతోనీ, నువ్వు నీ మాటకి నిలబడవు. డాక్టరు మాటకీ నిలబడవు. మాతకిచ్చిన మాటకైతే నిలబడతావు. కొండెక్కి మొక్కుకో."

బావ గుణదల వెళ్ళి, కొవ్వొత్తి వెలిగించి, కాఫీ మాతకిచ్చేసి వచ్చాడు. మళ్ళీ చుక్క ముట్టలేదు. మేమంతా నోళ్ళు వెళ్ళబెట్టాం. ఆ పట్టుదల ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడో మాకు అర్థం కాలేదు. తన కోసమైతే ఒక పూట ఆగలేని మనిషి, మాట ఇచ్చానన్న భయంతో రాయిలా నిలబడ్డాడు.

చెంప మాత్రం అదురుతూనే ఉంది. డాక్టరు గారు విని, "మంచిది, కాఫీ కాదన్నమాట. ఇక తాగు. చుట్ట మాను" అన్నాడు.

"ఎట్లా తాగుతానండీ? మాతకిచ్చేశాను."

"ఎవరికిచ్చావ్?"

నేను సంగతంతా చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "నేను చెప్పింది పరీక్షయ్యా. నువ్వు చేసింది దానం. ఇట్లా అయితే ఎట్లా?"

పోనీ అని నేను బావను ఫాదరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కడుపుబ్బ నవ్వాడు. "ఆ తల్లికి నీ కాఫీ ఎందుకయ్యా అంతోనీ? ఆ మొక్కు నేను విడిపిస్తున్నాను. పోయి తాగు. జపం మాత్రం మానకు." బావ ముఖం విప్పారింది. తిన్నగా హోటలుకెళ్ళి, ఒకటి తాగి, కళ్ళు మూసుకుని కూర్చుని, ఇంకోటి తెప్పించుకున్నాడు. అతను అంత సుఖంగా కూర్చోవడం నేను చూసింది అదే ఆఖరు.

ఆ సాయంత్రం కంకిపాడులో పెళ్ళి. ఊరేగింపు పెద్దవీధిలోకి తిరిగింది. చెంప అంతకు ముందెన్నడూ లేనంతగా కొట్టుకుంది. క్లారినెట్టు మూతికి కట్టిన రీడు పెదవి మీద నుంచి జారింది. పాట తెగింది. జనం నవ్వారు. పెళ్ళికొడుకు మేనమామ ముందుకొచ్చి, "అంతోనీ, తాగొచ్చావా?" అని అందరి ముందూ అడిగాడు. పొద్దున తాగిన రెండు కాఫీలు తప్ప వేరే తాగుడు ఎరగని మనిషి, తల వంచుకుని నిలబడ్డాడు. నా ఒళ్ళు మండి ఏదో అనబోతే రత్తయ్య గారు నా కాలు తొక్కాడు.

బస్సులో తిరిగొస్తూ బావ అన్నాడు, "చూశావా? ఇచ్చింది వెనక్కి తీసుకున్నందుకు."

"బావా, ఇవ్వకముందూ అదిరింది, ఇచ్చాకా అదిరింది. మధ్యలో కాఫీ ఏం చేసిందయ్యా?"

"నువ్వు డ్రమ్ము కొట్టుకోరా" అన్నాడు. కోపంగా కాదు, భయంగా.

డాక్టరు గారి ఉపాయం అక్కడితో సగం చచ్చిపోయింది. మానడం మిగిలింది, తిరిగి మొదలుపెట్టడం పోయింది. కాఫీ మళ్ళీ మా అక్క ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. ఆ తర్వాత నేనెప్పుడెళ్ళినా నాకు మజ్జిగే. ఆ మీదట చుట్ట పోయింది. ఆవకాయ వేడి చేస్తుందని ఎవరో అంటే ఆవకాయ పోయింది. ఎండుచేపలు పోయాయి. పేకాట పోయింది. ఎడమ వైపు తిరిగి పడుకోవడం పోయింది. అద్దంలో అస్తమానం చెంప చూసుకోవడం వల్లే ఎక్కువవుతోందని తెరేసమ్మ అత్తకు తోస్తే అద్దమూ పోయింది. గవర్నర్‌పేట మంగలి షాపులో బావ గోడవైపు తిరిగి కూర్చుని గెడ్డం చేయించుకుంటుంటే, కొత్తగా వచ్చినవాళ్ళు ఇతనికేదో అలక అనుకునేవాళ్ళు. ఒక్కోటి పోయినప్పుడల్లా గుణదల కొండ, ఒక కొవ్వొత్తి, తర్వాత రెండు వారాల ఆశ. ఆ రెండు వారాలూ మా అక్క బావకు ఎదురుగా కూర్చుని అన్నం పెట్టేది, కళ్ళు చెంప మీద నుంచి తీసేది కాదు. అతను వదిలినవన్నీ తనూ తినడం మానేసింది. అదిరినప్పుడు గిన్నె మీద మూత కాస్త గట్టిగా పెట్టేది.

నాకు మండేది ఎక్కడంటే, దొంగ దొరకలేదని పోలీసులు ఊళ్ళోవాళ్ళందర్నీ జైల్లో పెట్టి, కాదని తేలాక కూడా వదలనట్టుంది మా ఇంటి వ్యవహారం. ఆ మాట బావతో అంటే పగలబడి నవ్వాడు. అప్పుడు కూడా చెంప అదిరింది. మా అక్క చూడనే చూసింది.

తర్వాతి ఆదివారం పూజ అయ్యాక నేను వాళ్ళింటికి వెళితే అక్క గడపలోనే నిలబెట్టింది. లోపలికి రమ్మనలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "తమ్ముడూ, ఈసారి నిన్ను మొక్కుకున్నార్రా" అంది.

"నన్నా?"

"నువ్వొచ్చి కూర్చుంటే ఆయన నవ్వు ఆపుకోలేరు. నవ్వితే అదురుతుంది. చాలాసార్లు చూశాను. పని మాటలు మాట్లాడుకోండి. సరసాలూ నవ్వులూ వద్దు."

"ఎండుచేప మానినట్టు మనిషిని మానతారటే, అక్కా?" అన్నాను. గొంతు పెరిగింది. లోపల తలుపు వెనక బావ ఉన్నాడని తెలుసు, పాదాలు కనిపిస్తున్నాయి. అటు తిరిగి అరిచాను. "బావా! ఒక్కటి చెప్పు. నేను ఆవకాయ కంటే ఎక్కువా, తక్కువా?"

తలుపు వెనక నవ్వు ఒకటి తన్నుకొచ్చి సగంలో ఆగింది. అక్క అటు పరిగెత్తి, వెంటనే ఏడుపు గొంతుతో, "చూడు, అదిరింది! చెప్పానా!" అంది. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

నాకు బాధేసింది. దాచుకోవడం ఎందుకు, బాగా బాధేసింది. బావా బావమరుదుల మాటలంటే మాలో ఊరికే మాటలు కాదు. నన్ను తిట్టడానికి, ఏడిపించడానికి, నా పక్కన కూర్చుని నవ్వడానికి హక్కున్న మనిషి ఈ ఊళ్ళో అతనొక్కడే. అప్పటి నుంచి ఊరేగింపుల్లో నా వైపు తాళం కోసమే చూసేవాడు. "ఎత్తుకో", "ఆపు", "బస్సొచ్చింది": అంతే మా మాటలు. రెండు వారాలయ్యాయి, నెల అయింది, చెంప అదురుతూనే ఉంది. అంటే నేను దొంగను కాదని తేలింది. అయినా నన్నెవరూ వదల్లేదు.

ఈలోగా పెళ్ళివాళ్ళు అడగడం మారింది. "అంతోని వస్తాడా?" అనేవాళ్ళే "అంతోని కాక ఇంకెవరైనా ఉన్నారా?" అంటున్నారు. రత్తయ్య గారు గుడివాడ నుంచి సంజీవరావు అనే కుర్రవాణ్ణి తెచ్చి ముందు వరసలో పెట్టాడు. బావను రెండో వరసలోకి జరిపి, "ఈ పెళ్ళిళ్ళ కాలం దాకా చూస్తాను మాస్టారూ. ఆ తర్వాత నన్ను అనుకోవద్దు" అన్నాడు. బావ రెండో వరసలో, జనానికి వినపడనంత సన్నగా ఊదేవాడు. అలా ఊదినా చెంప ఊరుకోలేదు.

అప్పుడు మళ్ళీ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఈసారి అక్క కూడా వచ్చింది. బావ బాగా చిక్కిపోయాడు. కాఫీ లేక, ఆవకాయ లేక, నవ్వు లేక మనిషి ఎండుటాకులా ఉన్నాడు. డాక్టరు గారు ఇప్పటిదాకా వదిలినవన్నీ అడిగి, విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇక చివరిదే మిగిలింది గదయ్యా."

బావ సంచి ఒళ్ళోకి లాక్కున్నాడు.

"నెల రోజులు దాన్ని ముట్టకు. చెంప ఆగిందనుకో, దొంగ అదే. అప్పుడైనా కొంప మునగదు. రోజూ కాసేపు, పెదవి పట్టు మార్చి, కొంచెం కొంచెంగా మళ్ళీ అలవాటు చేద్దాం. ఓపిక పడితే వాయించుకునే దారి ఉంటుంది. కానీ ఒక్కమాట. దీన్ని మొక్కకు. నీకు దణ్ణం పెడతాను, దీన్ని మాత్రం మొక్కకు. ఊరికే పక్కన పెట్టు."

"మొక్కనండీ" అన్నాడు బావ.

అక్క ఇంటికెళ్ళాక క్లారినెట్టును ట్రంకుపెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళం చెవి నడుముకు దోపుకుంది. "దీన్ని మొక్కద్దండీ. ఈ ఒక్కటీ మొక్కద్దు" అని బావతో చెప్పింది. ఇన్నాళ్ళూ అత్తతో పాటు అన్నిటినీ గుణదల ఎక్కించిన మనిషి ఆమె. ఆ రోజు ఆమె గొంతులో ఆ మాట విని నేను ఆమె మీద పెట్టుకున్న కోపమంతా వదిలేశాను.

కానీ మా బావ సంగతి తెలిసిందే గదా. పెళ్ళిళ్ళ రోజులు. వీధిలో ఏ మేళం పోయినా గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. కాసేపటికి వేళ్ళు తొడ మీద ఆడేవి. ఆ తర్వాత ఏదో పని ఉన్నట్టు గవర్నర్‌పేట వచ్చేవాడు. గదిలో ఎర్రకోట్ల వెనక నిలబడి, మేళంలో అదనంగా ఉన్న పాత క్లారినెట్టు అందుకుని రెండు ముక్కలు ఊది పెట్టేసేవాడు. నెల మళ్ళీ మొదటికొచ్చేది. ఒకసారి నేను లోపలికి వెళ్ళేసరికి దాన్ని నోట్లో పెట్టుకుని, ఊదకుండా, ఊరికే నిలబడి ఉన్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

నన్ను చూసి తీశాడు. "ఉండలేకపోతున్నానురా" అన్నాడు. నన్ను మొక్కి వదిలేశాక నాతో అన్న మొదటి సొంత మాట అది.

మర్నాడు ఉదయం ఎవరికీ చెప్పకుండా, ఒక్కడే గుణదల కొండెక్కాడు.

అక్క కబురంపితే పరిగెత్తాను. ఆమె వంటింట్లో గోడకానుకుని కూర్చుని తల కొట్టుకుంటోంది. బావ నులకమంచం మీద నింపాదిగా కూర్చున్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది ఆ నింపాది చూసే. చాలా కాలానికి అతని ముఖంలో ఒక ధీమా కనిపించింది.

"మొక్కకపోతే నేను ఉండలేనురా. అది మీకూ తెలుసు. కానీ ఈసారి తెలివిగా మొక్కాను" అన్నాడు. "ఈ చెంప ఆగితే ఇక జన్మలో క్లారినెట్టు ముట్టనన్నాను. ఆగకపోతే మాత తీసుకోనట్టే. నా వస్తువు నాకే."

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. అతనికి ఖాయంగా తెలుసు, దొంగ క్లారినెట్టు కాదని. కాఫీ కాలేదు, చుట్ట కాలేదు, ఆవకాయ కాలేదు, నేను కాలేదు. ఇన్ని కానప్పుడు కన్నతండ్రి ఇచ్చిన వాయిద్యం ఎట్లా అవుతుంది? చెంప ఎప్పటిలాగే అదురుతుంది, క్లారినెట్టు మీద అనుమానం తీరిపోతుంది, పెట్టె తాళం తీయించుకుంటాడు. అదీ అతని లెక్క.

మొదటి వారం చెంప బాగానే అదిరింది. అదిరినప్పుడల్లా బావ ఎవరో చుట్టం వచ్చినంత సంబరపడేవాడు. రెండో వారం తగ్గింది. ఆ తర్వాత ఒక పూటంతా ఊరుకుంది. అద్దం లేదు గనక చెంప మీద వేళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. "అదిరిందా, అమలా?" అని అడిగేవాడు. "లేదండీ" అనేది మా అక్క, తప్పు చేసినదానిలాగా. ఒక రోజు నేను వెళితే తనంతట తనే పిలిచి కూర్చోబెట్టి, "ఏదైనా చెప్పరా, నవ్వు వచ్చేది" అన్నాడు. చెప్పాను. నాకు తెలిసినవన్నీ చెప్పాను. బసవపున్నయ్య పొద్దుగూకే వేళ వేరే పెళ్ళివారి విడిదిలోకి వెళ్ళి భోంచేసి వచ్చిన సంగతి చెప్పాను. బావ నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను. నవ్వుతూనే వేళ్ళతో చెంప తడుముకుంటున్నాడు. చెంప కదల్లేదు.

నెల దాటింది. పూర్తిగా ఆగింది. తెరేసమ్మ అత్త పొంగిపోయి గుడిలో కృతజ్ఞత పూజ చేయించింది. వీధిలో వాళ్ళు వచ్చి బావ ముఖం చూసి, మాత మహిమ అన్నారు. బావ అందరికీ చేతులు జోడించాడు.

డాక్టరు గారు కూడా సంతోషించాడు. "దొరికాడు దొంగ! ఇక రోజూ కాసేపు..." అంటూ మా ముఖాలు చూసి ఆగిపోయాడు. నేను చెప్పాల్సి వచ్చింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. చివరికి, "ఫాదరు గారిని అడగరాదూ?" అన్నాడు.

"వద్దండీ. కంకిపాడులో చూశాను గదండీ."

"కంకిపాడులో అదిరింది క్లారినెట్టు వల్లయ్యా! కాఫీ వల్ల కాదు. ఇప్పుడు తేలింది గదా!"

"అయ్యుండొచ్చండీ" అన్నాడు బావ. ఒప్పుకున్నాడు, ఒప్పుకుని కూడా కదల్లేదు. డాక్టరు గారు ఆ రోజు మా దగ్గర ఫీజు తీసుకోలేదు, మమ్మల్ని మెట్ల దాకా దిగబెట్టాడు.

దారిలో నేనే అడిగాను. "బావా, కాఫీ ఏ పాపమూ ఎరగదు. చుట్టా ఎరగదు. నేనూ ఎరగను. కనీసం మమ్మల్నైనా వెనక్కి తెచ్చుకో."

"ఇచ్చినవి ఇచ్చినట్టే ఉండనీరా" అన్నాడు. "అది పోయాక మీరంతా వచ్చి ఏం చేస్తారు?" ఆ మాట నాకు గుచ్చుకుంది.

ఇప్పుడు బావ కంకిపాడు దగ్గర ఒక రైసుమిల్లులో బియ్యం బస్తాల మూతులు కుడుతున్నాడు. పొద్దున బస్సెక్కి పోతాడు, పొద్దుపోయి తవుడు దుమ్ముతో వస్తాడు. క్లారినెట్టు ట్రంకుపెట్టెలోనే ఉంది. తాళం చెవి అక్క నడుముకే ఉంది. ఎవరైనా కొంటామని వచ్చినా అమ్మరు, మాత వస్తువు గదా.

మొన్న ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకు మా మేళమే వాయించింది. సాయంత్రం మాత రథం ఊరేగింపు. సంజీవరావు ముందు, నేను అతని పక్కన. రోడ్డు పక్క జనంలో అక్క, బావ కొవ్వొత్తులు పట్టుకుని నిలబడి ఉన్నారు. మేం వాళ్ళ ఎదురుగా వచ్చేసరికి పాట సరిగ్గా ఆ చోటికొచ్చింది, బావ స్వరాన్ని పట్టుకుని ఆపే చోటికి. సంజీవరావుకు అక్కడ ఆగడం తెలియదు. దాటేసి పోయాడు. బావ పెదవులు బిగుసుకున్నాయి, అక్కడ ఊపిరి పట్టుకున్నాడు, తర్వాత వదిలాడు. నేను అలవాటు కొద్దీ అతని ముఖమే చూస్తున్నాను.

నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఏదీ మొక్కలేదు. ఆ రోజు మొక్కాను. తల్లీ, ఒక్కసారి ఆ చెంప అదరనీ. ఒక్కసారి అదిరితే ఆ మొక్కు చెల్లదు, అతని వస్తువు అతనికొస్తుంది. బదులుగా ఈ డ్రమ్ము తీసుకో, నన్ను ఇంకేదైనా పని చేసుకు బతకనీ అన్నాను. కొట్టే దెబ్బ కొడుతూనే, మెడ వెనక్కి తిప్పి చూస్తూ నడిచాను. అప్పుడు కనిపించింది. మా అక్క కూడా రథం వైపు చూడటం లేదు. చేతిలో కొవ్వొత్తి కారి వేళ్ళ మీద పడుతున్నా పట్టించుకోకుండా, పెదవులు కదుపుతూ, ఆ చెంప వైపే చూస్తోంది.

వెనక నుంచి బసవపున్నయ్య, "నడువయ్యా, జనం తోస్తున్నారు" అన్నాడు. నేను నడిచాను. మలుపు తిరిగే దాకా చూస్తూనే ఉన్నాను. కొవ్వొత్తి వెలుగులో మా బావ చెంప నున్నగా, నిమ్మళంగా ఉంది. అదరలేదు.